ఆ బిడ్డకు మన మందిరంలో చోటుందా?

కొన్నేళ్ళ క్రితం మా సంఘంలో ఒక ఆదివారం జరిగిన సంగతి ఇది. ఆరాధన మొదలైంది. కీబోర్డు, డ్రమ్స్, నాలుగు సౌండు బాక్సులు ఒక్కసారిగా మోగాయి. వెనుక వరుసలో తల్లి పక్కన కూర్చున్న ఏడేళ్ళ బాబు రెండు చెవులూ మూసుకుని గట్టిగా కేకలు వేయసాగాడు. తల్లి ఎంత బుజ్జగించినా ఊరుకోలేదు. ముందు కూర్చున్న వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఒక సంఘ పెద్ద మెల్లగా వచ్చి ‘సిస్టర్, ఆరాధనకు ఆటంకంగా ఉంది, బాబును కాసేపు బయటికి తీసుకెళ్ళండి’ అన్నారు. ఆమె మారు మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు తలలు తిప్పి చూసిన వాళ్ళలో మేమూ ఉన్నాం.

ఆరాధన ముగిసి బయటికి వచ్చేసరికి ఆ తల్లి వేపచెట్టు కింద కూర్చుని ఉంది. మెట్ల దగ్గర మేమంతా చిందరవందరగా విడిచిన చెప్పులను ఆ బాబు జతలు జతలుగా, చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరుసగా పేర్చేశాడు. ఒక్క జత కూడా తప్పు పోలేదు. ‘నా చెప్పులు ఎక్కడ పెట్టాడమ్మా?’ అని విసుక్కున్న వాళ్ళున్నారు గాని, ఆ వరుసను చూసి ఒక మంచి మాట అన్న వాళ్ళు లేరు. ఆ తరువాత మూడు నెలలపాటు ఆ కుటుంబం మందిరానికి రాలేదు. వాళ్ళు రావడం లేదన్న సంగతి కూడా మాలో చాలామందికి తెలియలేదు. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభై తొమ్మిదింటిని విడిచి వెళ్ళే కాపరిని గురించి మాత్రం ఆ మూడు నెలల్లోనే మేము రెండు ప్రసంగాలు విన్నాం.

ఆ బాబుకున్నది ఆటిజం. ఇది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, పెంపకంలో లోపం అంతకన్నా కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా ఇది. బిడ్డ పుట్టకముందే దీనికి బీజం పడుతుంది. జన్యువుల పాత్ర ఇందులో ఎక్కువ. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, ఏడాదిన్నర దాటినా కావలసిన వస్తువును వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయడం, కొన్ని శబ్దాలనూ వెలుగునూ బట్టల స్పర్శనూ ఓర్చుకోలేకపోవడం దీని లక్షణాలలో కొన్ని. అందరిలో ఒకేలా ఉండదు. జీవితాంతం మాట రాని వాళ్ళున్నారు, పెద్ద చదువులు చదివి ఉద్యోగాలు చేస్తున్న వాళ్ళూ ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 2021 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరు ఆటిజంతో ఉన్నారు. అంటే మూడు నాలుగు వందల మంది విశ్వాసులున్న సంఘంలో ఇద్దరో ముగ్గురో ఉండాలి. మన సంఘంలో ఎవరూ కనబడడం లేదంటే, బహుశా వాళ్ళు ఇంటి తలుపుల వెనుక ఉన్నారని అర్థం.

దీన్ని రక్తపరీక్షతోనో స్కానింగుతోనో కనిపెట్టలేరు. నిపుణులు బిడ్డ ప్రవర్తనను ఓపికగా గమనించి, తల్లిదండ్రులను అడిగి తేలుస్తారు. అందుకోసం మన దేశంలో వాడుతూ వచ్చిన 40 అంశాల కొలమానం తయారైంది సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలోనే. అంటే ఈ విషయంలో తెలుగు నేల వెనుకబడి లేదు. వెనుకబడినది మన మాటతీరే.

ఆ తల్లి వినని మాట లేదు. కడుపుతో ఉన్నప్పుడు ప్రార్థన తక్కువ చేసి ఉంటావని ఒకరు, అత్తింటి తాతల పాపమని ఒకరు, దురాత్మ పట్టిందని ఇంకొకరు అన్నారు. ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు ప్రభువును అడిగిందీ ఇదే. పాపం ఎవరిది, వీడిదా, కన్నవారిదా? యేసుప్రభువు ఆ రెండూ కాదన్నారు. దేవుని క్రియలు వానియందు కనబడవలసి ఉందన్నారు (యోహాను 9:1-3). శిష్యులు కారణం వెదుకుతూ నిలబడిపోయారు, ప్రభువు చేయవలసిన పని వైపు నడిచారు. రెండు వేల ఏళ్ళ తరువాత కూడా మనం శిష్యుల పక్కనే నిలబడి ఉండడం విచారకరం.

నింద వేయడంలో చదువుకున్న లోకం కూడా మనకేమీ తీసిపోలేదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గమనించి ఆటిజాన్ని వివరించాడు. ఆ తరువాత చాలా ఏళ్ళపాటు, తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని కొందరు నిపుణులే ప్రచారం చేశారు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఆ వాదంతో ఒక పుస్తకమే రాశాడు. అది తప్పని అంతకు ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన పుస్తకంలో వాదించాడు. ఆయన కూడా అటువంటి కొడుకును పెంచుతున్న తండ్రే. 1998లో ఒక టీకా వల్ల ఆటిజం వస్తుందనే అనుమానం రేపిన వ్యాసాన్ని, దానిలోని తప్పులు బయటపడ్డాక 2010లో ఆ వైద్య పత్రికే ఉపసంహరించుకుంది. తల్లి దోషం లేదని వైద్యలోకం ఒప్పుకుంది. సంఘం ఎప్పుడు ఒప్పుకుంటుంది?

మూడు నెలల తరువాత మా స్త్రీల సమాజం నుంచి ఇద్దరు ఆ ఇంటికి వెళ్ళారు. తలుపు తీసిన ఆ తల్లి ‘మీరు వీడి కోసం ప్రార్థన చేసి వెళ్ళడానికి వచ్చారా అక్కా, వీణ్ణి చూడడానికి వచ్చారా?’ అని అడిగిందట. ఆ మాట మమ్మల్ని చాలాకాలం వెంటాడింది. ప్రార్థన చేసిన వాళ్ళు చాలామందే వచ్చారు. నూనె రాశారు, నలభై రోజుల ఉపవాసం చెప్పారు, ఊరూరా స్వస్థత సభలకు తిప్పారు. స్వస్థత రాకపోయేసరికి ‘మీలో విశ్వాసం చాలలేదు’ అని చెప్పి వెళ్ళిపోయారు. బిడ్డ భారంతో వచ్చిన తల్లి మీద మరో భారం ఎక్కించి పంపారు.

ప్రార్థన మానమని మేము చెప్పడం లేదు. దేవునికి అసాధ్యమైనది లేదని మేమూ నమ్ముతున్నాం. అయితే ప్రార్థన చేసిన చేతులే ఆ బిడ్డ చెయ్యి పట్టుకోవాలి. బిడ్డను మార్చమని దేవుణ్ణి అడిగే మనం, ఆ బిడ్డ కోసం మనం మారవలసింది ఏమైనా ఉందా అని అడగడం మరచిపోతున్నాం. ఆటిజంతో పాటు మూర్ఛ ఉన్న పిల్లలూ ఉంటారు. విశ్వాసం పేరుతో వారి మందులు మాన్పించడం ప్రాణాపాయం. ఆటిజాన్ని పూర్తిగా తీసేసే మందు గాని, ఇంజక్షను గాని ఈనాటి వరకూ లేదు. మూలకణాల చికిత్స అని, రక్తం శుద్ధి చేస్తామని లక్షలు గుంజే వారికి, పొలం అమ్మి కట్టే తల్లిదండ్రులను మనమే ముందుగా హెచ్చరించాలి. మాట నేర్పే థెరపీ, దైనందిన పనులు నేర్పే థెరపీ, ఓపిక గల ఉపాధ్యాయులు, ఇంట్లో క్రమం, వీటి వల్లే ఆ పిల్లలు ఎదుగుతారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

ఇంట్లో ఏం జరుగుతుందో సంఘం తెలుసుకోవాలి. ఆ బాబుకు ఒక పనికి తరువాత ఏ పనో ముందే తెలియాలి. అందుకే వాళ్ళమ్మ స్నానం, టిఫిను, బడి, ఆట, నిద్ర అని బొమ్మలు గీసిన అట్టముక్కలు గోడకు వరుసగా అంటించింది. బయలుదేరే ముందు ఎక్కడికి వెళ్తున్నారో బొమ్మ చూపిస్తుంది. ‘అల్లరి చేయకుండా బుద్ధిగా కూర్చో’ అంటే వాడికి బోధపడదు. ‘కూర్చో’ అంటే బోధపడుతుంది. మాట రాని బిడ్డకు ఆకలి, నొప్పి, భయం అన్నీ ఏడుపుగానే బయటికి వస్తాయి. దాన్ని మొండితనం అనుకుని బెత్తం పట్టుకోమని సామెతల గ్రంథం చూపించి సలహా ఇచ్చే పెద్దలున్నారు. చెవులు భరించలేని శబ్దానికి ఏడ్చిన బిడ్డను కొడితే వాడు నేర్చుకునేది విధేయత కాదు, మరో భయం. అదే గ్రంథం బిడ్డ నడవవలసిన దారిని బిడ్డకు నేర్పమంటుంది (సామెతలు 22:6). ఈ బిడ్డ దారి ఏదో ముందు మనం తెలుసుకోవద్దా?

ఆ ఇంట్లో ఇంకొకరు కూడా ఉన్నారు, ఆ బాబు అక్క. తమ్ముడి వెనుక పరుగెత్తే తల్లిదండ్రులకు తన మార్కుల సంగతి, తన జ్వరం సంగతి చెప్పకుండా దాచుకునే పిల్ల. రేపు ఆ పిల్లకు సంబంధం చూసేటప్పుడు ‘తమ్ముడు అలా ఉన్నాడట కదా’ అని వెనుకకు పోయేది బయటి వాళ్ళు మాత్రమే కాదు, మన సంఘాల్లోని కుటుంబాలే. యువకుల తల్లిదండ్రులు ఈ మాటను ప్రభువు సన్నిధిలో ఒక్కసారి ఆలోచించుకోవాలని మా మనవి.

ఇక బడి సంగతి. ఆ తల్లిదండ్రులు ఎక్కని గుమ్మం లేదు. ఒకచోట ‘మా దగ్గర సౌకర్యాలు లేవు’ అన్నారు. ఒకచోట ‘మిగతా పిల్లల పేరెంట్స్ ఒప్పుకోరు’ అన్నారు. మరొకచోట ఫీజు కట్టించుకుని, రెండు నెలలకే ‘సగం పూటే పంపండి’ అన్నారు. ఆ మూడింటిలో ఒకటి, గేటు మీద సిలువ గుర్తు ఉన్న బడి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

చట్టం ఇప్పుడు ఆ తల్లిదండ్రుల పక్షాన ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వ నిధులతో నడిచే బడి గాని, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి గాని వైకల్యం కారణంగా పిల్లలను తిరస్కరించకూడదు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉందని ధ్రువీకరణ పొందిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు దగ్గరలోని బడిలో గాని, వారు కోరుకున్న ప్రత్యేక బడిలో గాని ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. జిల్లా ఆసుపత్రికి అనుబంధంగా పసిపిల్లల లోపాలను ముందుగా గుర్తించే కేంద్రాలు ఉన్నాయి. ఈ సంగతులు చాలామంది తల్లిదండ్రులకు తెలియవు. మందిరంలో ప్రకటనలు చదివేటప్పుడు ఇవి కూడా ఒక ఆదివారం చదివితే ఎంత బాగుంటుంది?

బడి చేయవలసింది కోట్ల ఖర్చు పని కాదు. శబ్దం తక్కువగా ఉండే చోట బెంచీ, నోటితో చెప్పినది బోర్డు మీద కూడా రాయడం, బెదిరినప్పుడు కాసేపు కూర్చోవడానికి ఒక మూల, తోడుగా ఒక మంచి స్నేహితుడు, పరీక్షలో కొంచెం ఎక్కువ సమయం. ఎగతాళి చేసే పిల్లలకు నాలుగు మాటలు నేర్పే టీచరు. ఇంతే.

మన పూర్వికులు ఇంతకన్నా కష్టమైన పనులే చేశారు. 1887లో అమృత్‌సర్‌లో ఆనీ షార్ప్ అనే మిషనరీ చూపులేని పిల్లల కోసం బడి తెరిచినప్పుడు మన దేశంలో అటువంటి బడి మరొకటి లేదు. కుష్ఠురోగిని ఊరి పొలిమేరకు తరిమే రోజుల్లో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో వారి కోసం ఆసుపత్రి నిలబెట్టింది. లోకం మూసిన తలుపును తెరవడమే ఆనాడు మిషన్ అనే మాటకు అర్థం. లోకం మూయకముందే మనం మూస్తే, ఆ వారసత్వం మనదని చెప్పుకునే హక్కు మనకు ఉంటుందా?

మరి మందిరం సంగతి? మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో, చెవిటివాడై మాట సరిగా రాని ఒకణ్ణి ప్రభువు దగ్గరికి తెచ్చారు. ప్రభువు జనసమూహం మధ్య అతణ్ణి నిలబెట్టి సభ జరపలేదు. జనం నుంచి పక్కకు, ఏకాంతంగా తీసుకువెళ్ళారు. వినలేనివానికి ముందుగా మాటలు కాదు, వేళ్ళతో చెవులను ముట్టి, నాలుకను ముట్టి, ఆకాశం వైపు చూసి, వానికి తెలిసే భాషలో చెప్పారు (మార్కు 7:32-34). ఎవరికి ఏది అవసరమో చూసి నడుచుకోవడం ప్రభువు పద్ధతి. మనం సౌండు బాక్సు కాస్త తగ్గించలేమా? వెనుక ఒక గదిలోనో వరండాలోనో కుర్చీలు వేసి, ఆ తల్లి కూడా వాక్యం వినే ఏర్పాటు చేయలేమా? సండే స్కూలులో ఆ బాబు పక్కన కూర్చోవడానికి ఒక యౌవనస్థుణ్ణి నియమించలేమా? వారానికి రెండు గంటలు బిడ్డను చూసుకుంటే ఆ తల్లి నిద్రపోతుంది. ఏలీయా అలసిపోయి చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ముందుగా చేసింది గద్దించడం కాదు, లేపి తినడానికి రొట్టె ఇవ్వడం.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆటిజం ఉన్న బిడ్డను కన్న ప్రతి తల్లీ తండ్రీ రాత్రిపూట పైకి చెప్పకుండా అనుకునేది ఒక్కటే. ‘మేము పోయాక వీడికి ఎవరు?’ దీనికి ప్రభుత్వం కొంత జవాబు ఇచ్చింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, 18 ఏళ్ళు నిండిన తరువాత చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించే కమిటీ కలెక్టరు ఆధ్వర్యంలో జిల్లాలోనే ఉంటుంది. అదే ట్రస్ట్ కింద నిరామయ పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. అయితే కాగితం మీద సంతకం పెట్టే సంరక్షకుడు ఎవరో ఒక మనిషి కావాలి కదా. ఆ మనిషి సంఘంలో కాక ఇంకెక్కడ దొరకాలి?

యోనాతాను కుమారుడు మెఫీబోషెతుకు ఐదేళ్ళప్పుడు, దాది ఎత్తుకుని పారిపోతుండగా పడి రెండు కాళ్ళూ కుంటివయ్యాయి. తండ్రి పోయాడు. లోదెబారులో ఎవరి ఇంటనో తలదాచుకున్నాడు. దావీదు రాజయ్యాక వెదికి పిలిపించాడు. తన బల్ల దగ్గర రాజకుమారులతో పాటు చోటిచ్చాడు. అంతటితో ఊరుకోలేదు, తాతగారి పొలాలు తిరిగి ఇప్పించి, వాటిని సాగుచేసి పంట తెచ్చి ఇచ్చే పనిని 15 మంది కొడుకులు, 20 మంది దాసులు ఉన్న సీబాకు అప్పగించాడు. ఆ అధ్యాయం ముగిసేటప్పటికీ మెఫీబోషెతు కుంటివాడుగానే ఉన్నాడు (2 సమూయేలు 9:13). కాళ్ళు బాగుపడలేదు. బల్ల దగ్గర చోటు మాత్రం జీవితాంతం పోలేదు. తండ్రి స్నేహితుడు ఆ బిడ్డ బాధ్యత తీసుకున్నాడు. సంఘం అంటే అదే అని మేము నమ్ముతున్నాం. తల్లిదండ్రులు కళ్ళు మూసేలోగా, ‘వాడికి మేమున్నాం’ అని పేరుపేరునా చెప్పగల ఇద్దరు ముగ్గురు ఉండాలి. సంఘం పెట్టెలో కానుకల సొమ్ము నుంచి ఆ బిడ్డ పేరున కొంత తీసిపెట్టాలి. రంగురాళ్ళ ప్రహరీ ఒక ఏడాది ఆగినా పరవాలేదు.

ఆ బాబుకు ఇప్పుడు పన్నెండేళ్ళు. మాటలు కొద్దిగానే వచ్చాయి. అద్భుతం జరిగిందని సాక్ష్యం చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. సౌండు బాక్సులు రెండయ్యాయి. బాబు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ద్వారం పక్కన చివరి బెంచీలో కూర్చుంటాడు. ఉండలేకపోతే లేచి వరండాలోకి వెళ్తాడు, యౌవనస్థుల్లో ఒకడు వెంట వెళ్తాడు. తల్లి లోపలే ఉండి వాక్యం వింటుంది. కొన్ని ఆదివారాలు అరుస్తాడు కూడా. ఇప్పుడు తలలు తిప్పేవారు తగ్గారు, పూర్తిగా పోలేదు. మాకూ ఇంకా నేర్చుకోవలసింది ఉంది.

మీ సంఘంలో కూడా అటువంటి కుటుంబం ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం వాళ్ళు రాకపోతే, ఆరాధన అయ్యాక ఇంటికి వెళ్ళి తలుపు తట్టండి. ప్రార్థన చేసి వచ్చేయకండి. ఆ బిడ్డ పక్కన కాసేపు నేల మీద కూర్చోండి.